ఎరిగినవాళ్ళు ఇద్దరు

మోటారు వీపు మీద అరచెయ్యి ఆనించి అతను కాసేపు అలాగే నిలబడ్డాడు. వేడి లేదు, అదురు మామూలుగానే ఉంది. ఇరుసు దగ్గర ఒక నీటిబొట్టు ఊరి, బరువెక్కి, కింద పెట్టిన డబ్బాలో టప్పున పడింది. ఆ బొట్లు మరీ ఎక్కువైతే బిగించాలి, అసలు పడకపోతే వదులు చెయ్యాలి. ఈ రోజు ఏదీ చెయ్యక్కర్లేదు. రెండో మోటారుకి కూడా జ్వరం చూసినట్టు చెయ్యి ఆనించి చూసి, మేకుకి తగిలించిన గుడ్డముక్కతో వేళ్ళు తుడుచుకుని, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు కాళ్ళు కనిపిస్తాయి గాని తల కనిపించదు. తల చూడాలంటే బయటికి వెళ్ళి మెడ రిక్కించాలి. అతను ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. ట్యాంకు నిండుతున్నకొద్దీ పైన పడే నీళ్ళ చప్పుడు సన్నబడుతుంది. అది బాగా సన్నబడ్డాక లేచి మోటారు ఆపి, వాల్వు తిప్పుతాడు. ఉద్యోగం మొత్తం విప్పి చెప్పినా ఇంతకన్నా లేదు. వెయ్యడం, ఆపడం, మధ్యలో వినడం.

అయితే ఆ పంపు గది ఉన్నది మామూలు చోట కాదు. చుట్టూ ఎత్తయిన గోడ, గోడ మీద ముళ్ళతీగ, మూలమూలకీ దీపాలు, గేటు దగ్గర తుపాకులు. లోపలి పెద్ద భవనాల్లో ఏం చేస్తారో అతనికి తెలియదు. అతను పంపే నీళ్ళు తోటకి వెళతాయి, కుళాయిలకి వెళతాయి, మరుగుదొడ్లకి వెళతాయి. మరుగుదొడ్లలో నీళ్ళు రావడం కూడా దేశ రహస్యమే అన్నంత నిష్ఠగా అతను ఇన్నేళ్ళూ పని చేశాడు. పక్క భవనంలో ఏముందని ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. అడగకపోవడం కూడా ఉద్యోగంలో భాగమేనని అతని నమ్మకం.

తలుపు తోసుకుని గుమాస్తా వచ్చాడు. కాంట్రాక్టు కంపెనీ తరఫున పనివాళ్ళ వ్యవహారాలు చూసే మనిషి. పొట్టిగా, ఎప్పుడూ వెనక ఎవరో తరుముతున్నట్టుగా ఉంటాడు. ఆ కంపెనీ గడువు ఈ రోజుతో తీరిపోతుంది. రేపటినుంచి వేరే కంపెనీ వస్తుంది. పనులు అవే, గదులు అవే, కాని పాతవాళ్ళు కూడా మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, భద్రతా అనుమతి మళ్ళీ మొదటినుంచీ తెచ్చుకోవాలి.

“నీదొక్కటే మిగిలిపోయింది,” అన్నాడు గుమాస్తా. “అందరి వీధులకీ వెళ్ళి ఎంక్వయిరీ చేసొచ్చారు. మధ్యాహ్నం మీ వీధికి వస్తారు. నిన్నెరిగినవాళ్ళు ఇద్దరుండాలి. చుట్టాలు కాకూడదు, ఇక్కడ పనిచేసేవాళ్ళు కాకూడదు. నువ్వెవరో, ఏం చేస్తావో, ఎలాంటివాడివో వాళ్ళు చెప్పాలి. సాయంత్రానికి గేటు దగ్గరికి పేర్లు వచ్చేస్తాయి. పేరు లేకపోతే అంతే సంగతులు.”

“నేనేం చేస్తానో వాళ్ళు చెప్పాలా?”

“మరి? తెలుసు అనడమంటే అదేగా.”

“ఏం చేస్తానో ఎవరికీ చెప్పకూడదు కదా సార్.”

గుమాస్తా ఆగి, వేళాకోళమేమోనని అతని ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో వేళాకోళం జాడ ఏ కోశానా లేదు.

“ఎవరన్నారు?”

“చేరిన రోజున అన్నారు. చెయ్యెత్తించి మరీ అనిపించారు.”

“అది లోపలి సంగతుల గురించి.”

“నేను లోపలే కదా సార్ ఉండేది. మరి ఇప్పుడు చెప్పొచ్చా?”

గుమాస్తా తల గోక్కున్నాడు. “చెప్పొచ్చని నేనంటే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. చెప్పొద్దంటే నీ ఉద్యోగం పోతుంది. నన్నడక్కు బాబూ. ముందు ఇంటికెళ్ళి నీ ఇద్దర్నీ సిద్ధం చేసుకో. ఎంక్వయిరీ అవగానే వచ్చి డ్యూటీ పూర్తి చెయ్యి.” అంటూనే తలుపు దాటేశాడు.

అతను స్టూలు మీద అలాగే ఉండిపోయాడు. పైన నీళ్ళ చప్పుడు సన్నబడి, ఆగి, పొర్లడం మొదలైంది. ట్యాంకు మీదినుంచి జాలుగా పడుతున్న నీళ్ళు చూశాక గాని అతనికి మోటారు గుర్తుకు రాలేదు. ఉద్యోగంలో చేరాక ట్యాంకు పొర్లడం ఇదే మొదటిసారి.

చేరిన రోజున కొత్తవాళ్ళందరినీ ఒక గదిలో నిలబెట్టారు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న అధికారి ఒకాయన వచ్చి, “ఇక్కడ చూసింది, విన్నది, చేసింది ఈ గోడ దాటకూడదు. కట్టుకున్న భార్యకైనా సరే,” అన్నాడు. అందరూ చెయ్యెత్తి సరేనన్నారు. అతని పక్కన నిలబడ్డ తోటమాలి సాయంత్రానికే ఆ సంగతి మరిచిపోయాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఏ అధికారి ఏ పూలమొక్క తొక్కాడో, ఎవరి కారు ఎప్పుడు వచ్చిందో టీ కొట్లో కూర్చుని కథలుగా చెబుతాడు. మొన్న తోటమాలి వీధికి ఎంక్వయిరీ వెళ్ళినప్పుడు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి, మా తోటమాలి బంగారమని చెప్పిందట. ఆయన అనుమతి చిటికెలో వచ్చేసింది.

అతను అలాంటివాడు కాదు. చెప్పిన మాటని చెప్పినట్టుగా పట్టుకోవడం అతని స్వభావం. ఆ రోజు ఇంటికి రాగానే, అప్పటికి కొత్త కోడలైన భార్య, “ఏం పనండీ?” అని సరదాగా అడిగింది. “కాంట్రాక్టు,” అన్నాడు. “కాంట్రాక్టంటే?” అంది. “అడగొద్దు. చెప్పకూడదట,” అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. బళ్ళో టీచరు అడిగితే వాళ్ళ అమ్మాయి కూడా మా నాన్న కాంట్రాక్టు అని చెప్పింది. అలా, గోడ లోపలికి వెళతాడని తప్ప ఏమీ తెలియని వీధిలో అతను కాంట్రాక్టుగారు అయిపోయాడు. పెద్ద గుత్తేదారేమోనని కొడుకులకి పని అడగడానికి వచ్చినవాళ్ళు అతని అరిగిన చెప్పులు చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. పోలీసుల మనిషేమోనని పేకాట ఆడేవాళ్ళు అతన్ని చూడగానే ముక్కలు దాచేవారు. అతను అందరినీ చూసి నవ్వేవాడు, ఎండ గురించీ వాన గురించీ అడిగితే జవాబు చెప్పేవాడు. అంతకుమించి నోరు మెదిపింది లేదు.

అన్నిటికన్నా అన్యాయం ఇంట్లో మోటారుది. అది నీళ్ళు సరిగా లాగదు. రిపేరుకి వచ్చినవాడు ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి, కాసేపు నడిపించి వెళ్ళిపోతాడు. తప్పు మోటారులో లేదని, అడుగు గొట్టం అతుకు దగ్గర గాలి పీలుస్తోందని అతనికి మొదటి రోజే చప్పుడుని బట్టి తెలిసింది. కాని తాను కూర్చుని బాగుచేస్తే, ఈయనకి మోటార్లు వచ్చన్నమాట, అయితే లోపల చేసే పని ఇదేనన్నమాట అని నలుగురూ పసిగడతారు. అందుకని చేతులు జేబుల్లో పెట్టుకుని పక్కన నిలబడేవాడు. అతని భార్య డాబా మీది ట్యాంకులోకి బకెట్లతో నీళ్ళు మెట్లెక్కించేది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా అలాగే ఎక్కించేది. అప్పుడు అతనూ ఒక బకెట్ అందుకునేవాడు.

అతనికి అర్థం కాని విషయం ఇంట్లో ఒకటి ఉంది. ఆమె అతని యూనిఫారం చొక్కా, ప్యాంటు ఎప్పుడూ విడిగా ఉతుకుతుంది. పెరట్లో దూరంగా, ఒక ఎర్ర బకెట్లో. ఆ బకెట్‌ని మరి దేనికీ వాడదు. అమ్మాయి చిన్నప్పుడు ఆటకి దాన్ని తీస్తే వీపు మీద ఒక్కటిచ్చి, చేతులు సబ్బుతో కడిగించింది. గ్రీజు మరకలంటే అసహ్యం కాబోలు అనుకుని అతను ఊరుకున్నాడు. ఆమె అతన్ని అడగలేదు, అతను ఆమెని అడగలేదు. సంసారం ఏ గొడవా లేకుండా నడిచిపోయింది.

ఎండలో నడిచి వీధి మొదట్లోకి వచ్చేసరికి మంగలి ఖాళీగా కూర్చుని తన అద్దాన్ని తానే తుడుచుకుంటున్నాడు. తన జుట్టు నల్లగా ఉన్న రోజులనుంచీ అతను క్షవరానికి ఆ దుకాణం కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

“రండి అన్నగారూ! ఈ వేళప్పుడు వచ్చారేంటి? పెళ్ళికేమైనా వెళ్ళాలా?”

“నువ్వు నాకొక సాయం చెయ్యాలి. ఒకాయన వస్తాడు. నన్ను తెలుసని ఆయనకి చెప్పాలి.”

“అదేం మాట! మీరు తెలియకపోవడమేంటి?”

“ఏం తెలుసు?”

మంగలి గుడ్డ భుజాన వేసుకుని ఆలోచించాడు. “మీ కుడిచెవి వెనక సుడి ఉంది. గడ్డం ఎడంవైపు తొందరగా పెరుగుతుంది. కత్తి మొద్దుబారితే మీకు మంట పుడుతుంది. అయినా ఒక్క మాట అనరు.”

“అది కాదు. నేనేం పని చేస్తానో.”

“అది మీరు చెప్తే గదా!”

అతను నోరు తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న ఆ అధికారి ఏ గోడ వెనకో నిలబడి వింటున్నట్టే అనిపించింది. ఒట్టు తప్పితే అనుమతి పోతుంది. ఒట్టు తప్పకపోతే అనుమతి రాదు. ఇందులో ఏది మంచివాడు చెయ్యాల్సిన పనో అతనికి ఎంత ఆలోచించినా తేలలేదు. తెరిచిన నోరు మూసేశాడు.

“చెప్పకూడదు,” అన్నాడు.

“మరి నేనేం చెప్పాలి?”

“తెలుసని చెప్పు.”

“ఏం తెలుసని?” అన్నాడు మంగలి. అంతలోనే అతని ముఖం చూసి జాలిపడి, “సరే, నాకొదిలెయ్యండి. మీరు బెంగపెట్టుకోకండి, నేను చూసుకుంటా,” అన్నాడు. ఆ భరోసా వినగానే అతనికి ఇంకాస్త బెంగ పుట్టింది.

రెండో మనిషి పక్కింటి పంతులమ్మ. ఉద్యోగ విరమణ చేసి, వరండాలో వాలుకుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ నడకలో తప్పులు దిద్దుతూ ఉంటుంది. సంగతంతా విని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“నువ్వు మంచివాడివని ఎన్నిసార్లయినా చెప్తాను బాబూ. ఏం చేస్తావంటే మాత్రం తెలియదనే అంటాను. అబద్ధమాడొద్దని ఊళ్ళో పిల్లలందరికీ చెప్పినదాన్ని, ఈ వయసులో నేను ఆడనా? పోనీ ఇప్పుడు చెప్పు, తెలుసుకుంటాను.”

అతను స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. చెమట కళ్ళలోకి జారింది. “నీళ్ళు...” అన్నాడు చివరికి. అక్కడితో ఆగిపోయాడు.

“అయ్యో, ఎండన పడి వచ్చావు,” అంటూ ఆవిడ లేచి, లోపలినుంచి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను గటగటా తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. ఉద్యోగం గురించి అతను ఇంటి బయట అన్న మొట్టమొదటి మాట అలా కడుపులోకి పోయింది.

ఎంక్వయిరీ అధికారి స్కూటరు మీద వచ్చాడు. సన్నటి మనిషి. మర్యాదగా మాట్లాడుతున్నాడు, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. “మీరు కాస్త దూరంగా ఉండండి. వాళ్ళు మొహమాటపడకూడదు,” అని చెప్పి మంగలి దుకాణంలోకి వెళ్ళాడు. అతను వెళ్ళి పక్క కొట్టు చూరు కింద నిలబడ్డాడు. మంగలి గొంతు దూరానికి లొంగేది కాదు.

“కాంట్రాక్టుగారు నాకు తెలియకపోవడమేంటి సార్! ప్రాణ స్నేహితులం. నా దగ్గర ఏదీ దాచరు. గడ్డం గీయించుకుంటూ లోపల జరిగేదంతా పూసగుచ్చినట్టు చెప్తారు.”

చూరు కిందినుంచి అతను ఒక్క అడుగు ముందుకు వేశాడు.

“లోపల జరిగేదంటే?” అన్నాడు అధికారి. గొంతు ఏమాత్రం మారలేదు.

“అదే సార్, ఆ పెద్ద మిషన్లూ, ఆ రహస్యాలూ... అన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయంట. ఆయన లేకపోతే అక్కడ ఒక్క పని కదలదు సార్!”

పరుగెత్తి వెళ్ళి మంగలి నోరు మూద్దామనిపించింది. కాని దూరంగా ఉండమన్నారు కాబట్టి దూరంగానే ఉన్నాడు. మంగలి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గాని కోపం రాలేదు. తన గురించి ఒక మనిషి అంత గొప్పగా చెప్పడం అతను పుట్టి బుద్ధెరిగాక విన్నది ఇప్పుడే. అందులో ఒక్క ముక్క నిజం లేకపోవడం అతని ఖర్మ.

పంతులమ్మ దగ్గర అధికారి ఎక్కువసేపు ఉండలేదు. “మంచివాడు. ఏం చేస్తాడో తెలియదు. ఎవరికీ తెలియదు,” అని ఆవిడ విడమరిచి, పాఠం చెప్పినట్టు చెప్పింది. ఒకరు అన్నీ చెప్తాడన్నారు, ఒకరు ఏమీ చెప్పడన్నారు. అధికారి వీధి మధ్య ఆగి, రుమాలు మడత మార్చుకుని, “పదండి, మీ ఇల్లు చూద్దాం,” అన్నాడు.

ఇల్లంటే ముందు గది, తెర వేలాడే వంటగది, దాని వెనక పెరడు. ముందు గదిలో కూర్చుంటే పెరటి తలుపు దాకా అంతా కనిపిస్తుంది. అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడవార నిలబడింది.

“మీ ఆయన ఏం చేస్తారమ్మా?”

“తెలియదండీ.”

“ఎప్పుడూ అడగలేదా?”

“అడగొద్దన్నారండీ.”

అధికారి తలూపాడు. చూపు ఆమెని దాటి పెరట్లోకి వెళ్ళింది. తీగ మీద ఇంటి బట్టలన్నీ ఆరుతున్నాయి. దూరంగా ఎర్ర బకెట్ పక్కన, పిండిన యూనిఫారం చొక్కా ఒక్కటీ వేరుగా ఒక రాతి మీద ఉంది.

“ఆ చొక్కా ఒక్కటే విడిగా ఎందుకు పెట్టారు?”

ఆమె ముఖం పాలిపోయింది. “అలవాటండీ,” అని, “టీ పెడతాను,” అంటూ తెర వెనక్కి వెళ్ళిపోయింది. అతను అధికారి వంక చూశాడు, తెర వంక చూశాడు. కాళ్ళు వాటంతట అవే వంటగదిలోకి నడిచాయి.

“ఎందుకు విడిగా ఉతుకుతావు?” అన్నాడు మెల్లగా.

“ఇప్పుడెందుకండీ ఆ మాట?”

“చెప్పు.”

ఆమె గిన్నెలోకే చూస్తూ మాట్లాడింది. “మనకి రెండోది నిలవలేదు కదా. అప్పుడు డాక్టరమ్మ, మీ ఆయన ఏం పనిచేస్తారు, విషపు మందులూ గట్రా ముట్టుకుంటారా అనడిగింది. తెలియదన్నాను. అన్నాక భయం పట్టుకుంది. అంతకుముందు మీ బట్టలూ నా బట్టలూ కలిపే నానేసేదాన్ని కదా, కడుపుతో ఉండి ఈ చేతుల్తోనే ఉతికాను కదా. వాటివల్లేనేమో అనిపించింది. ఉన్న ఒక్క పిల్లకైనా తగలకూడదని అప్పట్నుంచీ వేరే పెట్టాను.”

“నన్నడగలేకపోయావా?”

“అడగొద్దన్నారు కదా.”

ఇన్నేళ్ళూ తాను మాట తప్పనివాడినని లోలోపల ఎంత గర్వపడ్డాడో, ఆ గర్వమంతా ఈ ఒక్కతె ఒంటరిగా మోసింది. ఆ రోజుల్లో ఆమె పెరట్లో కూర్చుని చేతులు సబ్బుతో రుద్దుకోవడం, మళ్ళీ రుద్దుకోవడం అతను కిటికీలోంచి చూశాడు. దుఃఖం అనుకున్నాడు. పక్కన కూర్చున్నాడు కూడా. చెప్పాల్సిన మాట ఒకటుందని అతనికి తెలియనే లేదు.

“నీళ్ళే,” అన్నాడు. గొంతు తనది కానంత గట్టిగా వచ్చింది. “వట్టి నీళ్ళు! నేను మోటారు వేస్తాను. ట్యాంకు నిండితే ఆపుతాను. తోటకీ, కుళాయిలకీ, మరుగుదొడ్లకీ నీళ్ళు పంపుతాను. అక్కడ నేను చేసేది అంతే. విషాల్లేవు, మందుల్లేవు. నా చొక్కాకి గ్రీజు తప్ప ఏమీ అంటలేదు. ఎప్పుడూ అంటలేదు.”

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరిలో ఎవరూ దించలేదు. తెర అవతల కుర్చీ కిర్రుమంది.

“నీళ్ళా?” అంది ఆమె. “వట్టి నీళ్ళేనా?” అంది మళ్ళీ. “మోటారా? మరి మన మోటారు...” అని ఆగిపోయింది.

“చెప్పకూడదన్నారు,” అన్నాడు అతను. ఆ మాట ఎంత చచ్చు మాటో అనేటప్పుడే అతనికి తెలిసింది.

ఆమె తిట్టలేదు. ఏడవనూ లేదు. రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత పొయ్యి ఆర్పి, మిగిలిన టీ గ్లాసులో పోసి, పైటతో గ్లాసు అంచు తుడిచి అతని చేతికిచ్చింది. అతను తెచ్చి అధికారికి ఇచ్చాడు.

అధికారి టీ పూర్తిగా తాగాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గుమ్మం దిగబోతూ మాత్రం, “మీ వంటగదికి తలుపు లేదా?” అన్నాడు.

“తెర ఒక్కటే సార్.”

“తలుపు పెట్టించుకోవాల్సింది,” అని స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు. అది దయతో అన్నాడో, బెదిరించి అన్నాడో, ఉత్తినే ఇంటి గురించి అన్నాడో అతనికి బోధపడలేదు.

డ్యూటీకి తిరిగి వెళ్ళి మిగిలిన పని మామూలుగానే చేశాడు. మోటారు వేశాడు, విన్నాడు, ఆపాడు. వెళ్ళేముందు రెండింటి వీపుల మీదా చెయ్యి వేశాడు. బొట్లు పడే డబ్బా నిండితే బయట పారబోసి, మళ్ళీ సరిగ్గా బొట్టు కింద పెట్టాడు. గుడ్డముక్క ఉతికి మేకుకి ఆరేశాడు.

గేటు దగ్గర కాపలావాడు అనుమతి వచ్చినవాళ్ళ పేర్లు పైకి చదువుతున్నాడు. తోటమాలి పేరు ముందే వచ్చింది. ఒక్కొక్కరే పక్కకి తప్పుకుంటుంటే చివరికి అతనొక్కడూ మిగిలాడు.

“నాది?”

“లేదన్నా.”

“ఎందుకని లేదు?”

కాపలావాడు అటూ ఇటూ చూశాడు. “భద్రతా కారణాలు. చెప్పకూడదన్నా.”

అతను తలూపాడు. పొద్దుటినుంచీ విన్న మాటల్లో అతనికి పూర్తిగా అర్థమైనది అదొక్కటే. మంగలి చెప్పిన అబద్ధం వల్లనో, పంతులమ్మ చెప్పిన నిజం వల్లనో, వంటింట్లో తాను చెప్పిన నిజం వల్లనో అతనికి ఎప్పటికీ తెలియదు. మెడలోంచి గుర్తింపు పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. తోటమాలి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడూ ఆగని ఆ నోటితో ఏదో అనబోయి, ఏమీ అనలేకపోయాడు. అతను గోడ వెంబడే నడిచి, గోడ అయిపోయాక కూడా ఆగకుండా నడిచి ఇంటికి వచ్చాడు.

భార్య గుమ్మంలోనే ఉంది. అతని మెడ వంక చూసింది. బోసిగా ఉంది. ఏమీ అడగలేదు, కాని ఈసారి అతనే చెప్పాడు. “పోయింది. ఎందుకో చెప్పలేదు.”

“పోతే పోనీండి,” అంది ఆమె. అన్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారో ఇద్దరికీ తెలియదు.

ఇంకా కాస్త వెలుతురుంది. అతను చొక్కా చేతులు పైకి మడిచి పెరట్లో మోటారు ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. అడుగు గొట్టం అతుకు విప్పి, పాత నార గీకేసి, గాలి దూరకుండా కొత్త నార ఒత్తుగా చుట్టి బిగించాడు. గోడ మీదినుంచి మంగలి తొంగిచూశాడు.

“అన్నగారూ! మీకు మోటార్లు వచ్చా?”

“అదే నా పని.”

“అదేంటి! ఆ ముక్క ముందే చెబితే నేనింకా బాగా చెప్పేవాణ్ణి గదా సార్‌తో! అయినా గట్టిగానే చెప్పాన్లెండి. ఉద్యోగం ఖాయమేగా?”

అతను తల ఎత్తి మంగలి ముఖం చూశాడు. ఆ ముఖంలో ప్రేమ తప్ప మరేమీ లేదు.

“చాలా బాగా చెప్పావు,” అన్నాడు.

మంగలి సంతోషంగా వెళ్ళిపోయాడు. అతను మోటారు నోటికున్న మర మూత విప్పి, “నీళ్ళు కావాలి. ముందు పొయ్యాలి, అప్పుడే లాగుతుంది,” అన్నాడు. ఆమె చుట్టూ చూసింది. దగ్గరలో నీళ్ళున్నది ఎర్ర బకెట్లోనే. సగం దాకా వంగి, “వద్దు, అందులోవి...” అంది అలవాటుగా. అని, మాట మధ్యలోనే ఆపేసింది. తర్వాత దాని పిడి పట్టుకుని రెండు చేతుల్తో ఎత్తి తెచ్చి అతని మోకాలి పక్కన దించింది.

అతను దోసిళ్ళతో పోశాడు. నిండాక బిగించి స్విచ్చి వేశాడు. మోటారు ఒకసారి గుటకవేసి, గొంతు సవరించుకుని, ఒకే శ్రుతిలో మోగడం మొదలుపెట్టింది. పైన డాబా మీది ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆమె తల పైకెత్తి నోరు తెరుచుకుని ఆ చప్పుడునే వింటూ నిలబడిపోయింది. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, “ఇంత పని చేతిలో పెట్టుకుని...” అంది. రాతి మీదున్న యూనిఫారం చొక్కా తీసి, ఒక్కసారి విదిలించి, తీగ మీద తన బట్టల మధ్య చోటు చేసి ఆరేసింది.

ట్యాంకు నిండిన చప్పుడు ఆమె కన్నా ముందే విని అతను మోటారు ఆపాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మోటారు పక్కన ఎర్ర బకెట్ అక్కడే ఉంది. అడుగున ఇంకా దోసెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి.